గీతలు గీయకండి, టైల్స్ పేర్చండి: డిజిటల్ పెయింటింగ్‌లో మొజాయిక్

మొజాయిక్ వేద్దామని కూర్చుంటే చెయ్యి దానంతటదే ఒక పని చేస్తుంది. కొత్త లేయర్ తీసి, నల్ల బ్రష్‌తో గడులు గడులుగా గీసి, బకెట్ పట్టుకుని ఒక్కో గడిలో రంగు పోస్తుంది. నేనూ చాలాకాలం అలాగే చేశాను. ఒకసారైతే నాలుగు వందలకు పైగా గడులున్న డిజైన్‌ని రెండు రాత్రులు కూర్చుని నింపాను. తీరా జూమ్ చేసి చూస్తే ప్రతి గడి అంచునా, గీతకీ రంగుకీ మధ్య, సున్నం సరిగ్గా అంటని గోడలాగా సన్నటి తెల్ల పొర. పోనీ దూరం నుంచైనా బాగుందా అంటే, అది మొజాయిక్‌లా లేదు, రంగులేసిన గళ్ల నోటుబుక్కులా ఉంది.

ఎందుకలా అయిందో తర్వాత అర్థమైంది. నిజమైన మొజాయిక్‌లో గీత అనేదే ఉండదు. ముక్కలుంటాయి, ముక్కకీ ముక్కకీ మధ్య సందు ఉంటుంది, ఆ సందులోంచి కింద ఉన్న గ్రౌట్, అంటే ముక్కల మధ్య నింపే సిమెంటు లాంటి పూత, కనిపిస్తుంది, అంతే. మనం గీసే గీత టైల్స్ మీద కూర్చుంటుంది, నిజం సందేమో టైల్స్ కన్నా కింద ఉంటుంది. కాబట్టి లేయర్ల వరస తిరగేయాలి: అడుగున ఒక లేయర్ నిండా గ్రౌట్ రంగు, దాని మీద విడివిడి ముక్కలు. ఇలా పెడితే తెల్ల పొర గొడవ ఉండదు, నీడ వేయడం సులువు, గ్రౌట్ రంగు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇకపై చెప్పేదంతా ఈ పద్ధతిలోనే.

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు. క్రిటా, గింప్ ఉచితం. ఫోటోషాప్, ప్రోక్రియేట్, క్లిప్ స్టూడియో పెయింట్ ఉంటే అవీ సరిపోతాయి. కావలసిందల్లా లేయర్లు, ఆల్ఫా లాక్ (లేయర్‌లో ఖాళీ చోట రంగు పడకుండా ఆపేది), లాసో సెలెక్షన్ (చేత్తో చుట్టి ఎంచుకోవడం), ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్ అంటే బొమ్మని పక్కకి జరిపితే అంచు దాటిన భాగం అవతలి అంచు నుంచి లోపలికి రావడం. ఆ సదుపాయం లేని చోట లేయర్‌ని కాపీ చేసుకుని, స్నాపింగ్ ఆన్ చేసి, చేత్తో రెండు వైపులా జరుపుకోవాలి. కాస్త విసుగు, కానీ అవుతుంది.

ముందు ఆకారం తేల్చుకోండి

భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉన్న ఒకే ఆకారంతో, ఖాళీ లేకుండా నేలంతా కప్పాలంటే మూడే దారులు: త్రిభుజం, చతురస్రం, షడ్భుజి. ఒక మూల దగ్గర కలిసే కోణాలన్నీ కలిపి 360 డిగ్రీలు కావాలి కదా, 60, 90, 120 దాన్ని శేషం లేకుండా భాగిస్తాయి. పంచభుజి కోణం 108. మూడు పెడితే 324, సందు మిగిలిపోతుంది, నాలుగు పెడితే 432, ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. సమ పంచభుజాలతో నేల నింపుదామని గంటలు పాడుచేసుకునేవాళ్లు ఉంటారు, మీరు వాళ్లలో చేరకండి.

రెండు ఆకారాలు కలిపితే మాత్రం ఆట మారుతుంది. నాకు బాగా నచ్చేది అష్టభుజి, దాని మూలల్లో చిన్న చతురస్రం. లెక్క చూడండి, 135, 135, 90 కలిపితే సరిగ్గా 360. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సరైనది. ఎందుకంటే పెద్ద ముక్కలు రంగు వేయడానికి, చిన్న ముక్కలు మెరుపుకి, రెండూ ఒకే డిజైన్‌లో దొరుకుతాయి. దీన్నే, పక్కపక్కన ఎన్ని కాపీలు పేర్చినా అతుకు కనపడకుండా, మొదటి నుంచి చివరి దాకా చేద్దాం.

ముక్కలు తయారు చేయడం

1024 బై 1024 పిక్సెల్స్ కాన్వాస్ తీసుకోండి. అడుగు లేయర్ నిండా మధ్యస్థంగా ఉండే బూడిద రంగు పోయండి, ఇది గ్రౌట్. ప్రస్తుతానికి ఏ బూడిదైనా సరే, తర్వాత దీని సంగతి చాలా మాట్లాడుకోవాలి.

కాన్వాస్‌ని మనసులో నాలుగు 512 పిక్సెల్స్ గడులుగా చూడండి, ఒక్కో గడిలో ఒక అష్టభుజి వస్తుంది. సందు 16 పిక్సెల్స్ ఉండాలనుకుంటే ప్రతి ముక్క తన గడి అంచు నుంచి 8 పిక్సెల్స్ లోపలికి జరగాలి. అంటే అష్టభుజి వెడల్పు 496.

అష్టభుజిని కొలిచి గీయక్కర్లేదు, ఒక చిట్కా ఉంది. కొత్త లేయర్‌లో, కాన్వాస్ నట్టనడుమ, 496 పిక్సెల్స్ చతురస్రం తెల్లగా నింపండి. ఆ లేయర్‌ని డూప్లికేట్ చేసి, కాపీని అక్కడే 45 డిగ్రీలు తిప్పండి. రెండు చతురస్రాలూ ఎక్కడ ఒకదాని మీదొకటి పడ్డాయో ఆ భాగమే కచ్చితమైన అష్టభుజి. ఇప్పుడు తిప్పిన లేయర్ ఆకారాన్ని సెలెక్షన్‌గా తీసుకోండి. ఫోటోషాప్‌లో కంట్రోల్ పట్టుకుని లేయర్ బొమ్మ మీద క్లిక్, గింప్‌లో ఆల్ఫా టు సెలెక్షన్, క్రిటాలో సెలెక్ట్ ఓపేక్. సెలెక్షన్‌ని ఇన్వర్ట్ చేసి, మొదటి చతురస్రం లేయర్ మీదకి వెళ్లి డిలీట్ కొట్టండి. నాలుగు మూలలూ తెగిపోతాయి, ఒక్కో మూల దగ్గర 145 పిక్సెల్స్ మేర. తిప్పిన లేయర్‌తో పని అయిపోయింది, తీసేయండి.

ఇప్పుడు అష్టభుజిని ఎడమకి 256, పైకి 256 జరపండి. దాని ఎడమ అంచు కాన్వాస్ అంచుకి సరిగ్గా 8 పిక్సెల్స్ దూరంలో ఉండాలి, చూసుకోండి. డూప్లికేట్ చేసి కుడికి 512 జరిపి రెండింటినీ ఒకే లేయర్‌గా కలపండి, ఆ జంటని డూప్లికేట్ చేసి కిందికి 512 జరిపి మళ్లీ కలపండి. నాలుగు అష్టభుజాలు వచ్చేశాయి.

చిన్న చతురస్రాలకి వేరే లేయర్. 196 పిక్సెల్స్ చతురస్రం కాన్వాస్ మధ్యలో పెట్టి 45 డిగ్రీలు తిప్పండి. ఇది సరిగ్గా నడి ఖాళీలో కూర్చుంటుంది, చుట్టూ అదే 16 పిక్సెల్స్ సందు. తిప్పడం ఒక్కసారే చేయండి. 40 తిప్పి, చాల్లేదని ఇంకో 5 తిప్పితే తిప్పిన ప్రతిసారీ అంచు కొంచెం మసకబారుతుంది. ఇలాంటివి మొత్తం నాలుగు కావాలి. మిగతా మూడూ కాన్వాస్ అంచుల మీద, మూలల్లో పడాలి, అంటే సగాలుగా, పావులుగా తెగాలి. ఇక్కడే ఆఫ్‌సెట్ పనికొచ్చేది. లేయర్‌ని డూప్లికేట్ చేసి, అడ్డంగా 512 ఆఫ్‌సెట్ ఇవ్వండి, ర్యాప్ అరౌండ్ ఆన్‌లో ఉండాలి. చతురస్రం రెండు సగాలై ఎడమ అంచునొకటి, కుడి అంచునొకటి కూర్చుంటుంది. రెండు లేయర్లనూ కలిపి, డూప్లికేట్ చేసి, నిలువుగా 512 ఆఫ్‌సెట్ ఇచ్చి మళ్లీ కలపండి. మూలల్లో ఉన్నది నాలుగు పావులైపోతుంది. మనం ఏదీ కొయ్యలేదు, అదే కోసుకుంది, అందుకే అతుకు దగ్గర ఒక్క పిక్సెల్ కూడా తప్పదు.

ఈ అంచు విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. కాన్వాస్ అంచు వెంబడి కూడా పూర్తి 16 పిక్సెల్స్ సందు వదులుతారు, చూడ్డానికి చక్కగా ఫ్రేమ్ కట్టినట్టు ఉంటుంది. పక్కపక్కన పేర్చగానే అక్కడ రెండు సందులు కలిసి 32 అయి, ప్రతి కాన్వాస్ చుట్టూ లావు గీత తేలుతుంది. అంచున ఉండాల్సింది సగమే, మిగతా సగం పక్క కాపీ తెచ్చుకుంటుంది.

ఇప్పుడే ఒకసారి పరీక్షించుకోండి. క్రిటాలో డబ్ల్యూ కీ నొక్కితే ర్యాప్ అరౌండ్ మోడ్ వస్తుంది, బొమ్మ నాలుగు వైపులా అంతులేకుండా పరుచుకుంటుంది. ఫోటోషాప్‌లో వ్యూ మెనూలో ప్యాటర్న్ ప్రివ్యూ ఉంది. అన్నీ తెల్లగా ఉన్నప్పుడే తప్పు పట్టుకోవడం సులువు, రంగులు పడ్డాక కన్ను మోసపోతుంది.

రంగు వేసే ముందు

నాలుగే అష్టభుజాలతో రంగులు మొదలుపెడితే ఎంత కష్టపడినా అదే నాలుగు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అందుకని ముందే కాన్వాస్‌ని 2048 చేసి, ఇప్పటిదాకా చేసినదాన్ని రెండు వైపులా రెండేసి సార్లు పేర్చుకోండి. అష్టభుజాలు ఒక లేయర్‌లో, చిన్న చతురస్రాలు ఇంకో లేయర్‌లో, విడివిడిగానే ఉండాలి. ఇప్పుడు మీ చేతిలో పదహారు పెద్ద ముక్కలు, పదహారు చిన్న ముక్కలు ఉన్నాయి.

ఎన్ని రంగులు కావాలి? పక్కపక్క భాగాలకి ఒకే రంగు రాకుండా ఏ మ్యాప్‌కైనా నాలుగు రంగులు చాలని 1976లో ఆపెల్, హాకెన్ అనే ఇద్దరు గణిత శాస్త్రజ్ఞులు కంప్యూటర్ సాయంతో నిరూపించారు. మన డిజైన్‌కి మూడే చాలు. అష్టభుజాలు చదరంగం బల్లలాగా ఒకటి విడిచి ఒకటి రెండు రంగులు, చిన్న చతురస్రాలకి మూడోది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అడ్డంగా మూడో, అయిదో అష్టభుజాలుంటే చదరంగం వరస అంచు దగ్గర తప్పుతుంది, కుడి చివరి ముక్కా, పక్క కాపీలోని ఎడమ మొదటి ముక్కా ఒకే రంగులో ఢీకొంటాయి. సరి సంఖ్యలోనే పెట్టుకోవాలి. మనం రెండుతో మొదలుపెట్టి నాలుగు చేసుకున్నది అందుకే.

రంగు సామాన్లు తక్కువ పెట్టుకోండి. 1831లో పురాతన రోమన్ నగరం పాంపేలో బయటపడిన అలెగ్జాండర్ మొజాయిక్, అంత పెద్ద యుద్ధ దృశ్యం, ప్రధానంగా తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు వర్ణాల మీదే నడుస్తుంది. మనకేమో రంగుల చక్రం చేతికిచ్చారు కదా అని పన్నెండు రంగులు దింపేస్తాం. ఒక ముదురు, ఒక మధ్యస్థం, ఒక లేత, పైన ఒక చురుకైన రంగు. ఇంతకు మించి అక్కర్లేదని నా అభిప్రాయం. ఎంచుకున్నాక పైన ఒక లేయర్ నలుపు తెలుపు చేసి చూడండి. అక్కడ రెండు రంగులు ఒకే బూడిదలా కనిపిస్తే, రంగులో అవి ఎంత వేరుగా ఉన్నా దూరం నుంచి కలిసిపోతాయి.

లాసోతో రంగు పోయడం

బకెట్ టూల్‌తో తెల్ల ముక్క మీద రంగు పోస్తే ఏమవుతుందో మొదట చెప్పాను. ముక్క అంచున సగం పారదర్శకంగా ఉండే పిక్సెల్స్ ఉంటాయి, అంచు నునుపుగా కనిపించేది వాటి వల్లే. బకెట్ వాటిని సగంలో వదిలేస్తుంది, అక్కడ పాత తెలుపు మిగులుతుంది. టాలరెన్స్ పెంచో, సెలెక్షన్‌ని రెండు పిక్సెల్స్ పెద్దది చేసో సర్దుకోవచ్చు గానీ, ఇంకా సులువైన దారి ఉంది.

అష్టభుజాల లేయర్‌కి ఆల్ఫా లాక్ పెట్టండి. లాసో తీసుకుని ఒక ముక్క చుట్టూ చుట్టేయండి. చెయ్యి వణికినా ఏం కాదు, 16 పిక్సెల్స్ సందు ఉంది కదా, లాసో ఆ సందులో ఎక్కడ తిరిగినా చాలు. ఇప్పుడు ఫిల్ కొట్టండి. ఆల్ఫా లాక్ వల్ల రంగు ముక్క దాటి బయటికి పోదు, అంచు పిక్సెల్స్ తమ పారదర్శకత ఉంచుకుంటూనే రంగు మాత్రం పూర్తిగా మార్చుకుంటాయి. తెల్ల పొర అన్న మాటే ఉండదు. క్రిటాలో, క్లిప్ స్టూడియోలో చుట్టగానే నింపే ఎన్‌క్లోజ్ అండ్ ఫిల్ టూల్ విడిగా ఉంది, అలవాటైతే చేతికి ఇంకా హాయి.

చిన్న చతురస్రాల లేయర్‌కి వచ్చేసరికి అంచుల మీద సగాలు, మూలల్లో పావులు. ఎడమ సగానికి ఒక ఎరుపు, కుడి సగానికి ఇంకో ఎరుపు పడిందంటే అతుకు బయటపడుతుంది. అందుకని ఈ ఒక్క లేయర్‌ని అడ్డంగా 256, నిలువుగా 256 ఆఫ్‌సెట్ చేయండి. తెగినవన్నీ తిరిగి కలిసి పదహారూ నిండు ముక్కలుగా మధ్యకి వస్తాయి. అష్టభుజాల లేయర్ దాచేసి, వీటికి నింపాదిగా రంగులేసి, అయ్యాక మైనస్ 256, మైనస్ 256 ఇచ్చి వెనక్కి పంపండి. ఈ వెనక్కి పంపడం మర్చిపోయి, డిజైన్ పాడైందని టెన్షన్ పడి, మొదటి నుంచి మళ్లీ చేసిన ఘనత నాది.

అన్నిటికీ ఒకే రంగు వేస్తే ప్లాస్టిక్ షీట్ లాగా ఉంటుంది. నిజం టైల్స్‌లో ప్రతిదీ పక్కదానికన్నా రవ్వంత వేరు. ఒక్కో రంగుకి అయిదు ఛాయలు పాలెట్‌లో పెట్టుకోండి: అసలు రంగు, కొంచెం లేత, కొంచెం ముదురు, కొంచెం వెలిసినది, వర్ణం రంగుల చక్రం మీద మూడు నాలుగు డిగ్రీలు పక్కకి జరిగినది. వెలుగులో తేడా అయిదు శాతం లోపే ఉండాలి. ఎక్కువైతే ఏమవుతుందంటే, ఒక ముక్క మిగతావాటికన్నా మెరుస్తుంది, బొమ్మని పేర్చినప్పుడు ఆ ఒక్క ముక్కే సమాన దూరాల్లో చుక్కలు పెట్టినట్టు గోడంతా కనిపిస్తుంది. కళ్లు చికిలించి చూడండి, ఏ ముక్క ముందుకొస్తే దాన్ని తగ్గించండి.

గ్రౌట్ రంగే అసలు మాయ

టైల్స్‌కి రంగులన్నీ పడ్డాక వాటిని ముట్టుకోకుండా అడుగు లేయర్ ఒక్కటీ మార్చి చూడండి. తెలుపు పోస్తే టైల్స్ అన్నీ లేతబడి గాలికి ఎండిపోయినట్టు కనిపిస్తాయి. నలుపు పోస్తే అవే రంగులు ఒక్కసారి చిక్కబడి వెలుగుతాయి. ఒక్క టైల్ కూడా మారలేదు, నమ్మకం లేకపోతే బొమ్మలోని రంగు పట్టే ఐడ్రాపర్ టూల్‌తో తీసి చూసుకోండి. డిజైన్‌లో ఒక్క రంగు మారిస్తే మిగతావన్నీ మారినట్టు కనిపించడాన్ని 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త విల్హెల్మ్ ఫాన్ బెట్సోల్డ్ పేరుతో బెట్సోల్డ్ ఎఫెక్ట్ అంటారు.

అందుకే గ్రౌట్‌ని విడి లేయర్‌గా ఉంచమని అంత గట్టిగా చెప్పింది. నేను అచ్చ నలుపు, అచ్చ తెలుపు రెండూ వాడను. నలుపు అద్దాల కిటికీలా మారుస్తుంది, తెలుపు స్నానాల గదిలా. కొంచెం వెచ్చదనమున్న బూడిదతో మొదలుపెట్టండి, ఎరుపు 138, ఆకుపచ్చ 131, నీలం 122 వేసి చూడండి. టైల్స్ ఎక్కువగా నీలాలైతే ఇది బాగా కుదురుతుంది. ఎర్ర మట్టి రంగులైతే దీన్ని కాస్త చల్లబరచండి. దాని మీద పలచగా నాయిజ్ వేస్తే ఇసుక గరుకు వస్తుంది. పిక్సెల్ పిక్సెల్‌కి వేరుగా పడే నాయిజ్ కాబట్టి అతుకు కనపడదు.

టైల్స్‌కి మందం ఇవ్వడం

వెలుగు ఎటు నుంచి వస్తోందో ముందే అనుకోండి. ఎడమ పై నుంచి అనుకుందాం. రెండు టైల్ లేయర్లకీ తలో కాపీ తీసి, ఆల్ఫా లాక్ పెట్టి ముదురు గోధుమ రంగుతో నింపి, టైల్స్ కింద గ్రౌట్ పైన పెట్టి, కుడికి 3, కిందికి 4 పిక్సెల్స్ జరపండి. మూవ్ టూల్‌తో కాదు, ఇదీ ఆఫ్‌సెట్‌తోనే, లేకపోతే అంచు దాటిన నీడ ముక్క మాయమైపోతుంది. ఓపాసిటీ 35 శాతం దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి.

బెవెల్ (అంచులు ఉబ్బినట్టు చూపేది) లాంటి లేయర్ స్టైల్స్ వాడితే ఒక జాగ్రత్త. కాన్వాస్ అంచున తెగిన సగం చతురస్రాన్ని సాఫ్ట్‌వేర్ నిండు ముక్క అనుకుని, ఆ తెగిన చోట కూడా మెరుపు అంచు పెట్టేస్తుంది. బ్లర్ కూడా ఇలాగే అతుకు దగ్గర దొరికిపోతుంది. విరుగుడు ఏంటంటే, బొమ్మని రెండింతలు, అంటే 4096కి పేర్చి, ఎఫెక్ట్ అక్కడ వేసి, నట్టనడుమ 2048 భాగాన్ని క్రాప్ చేసుకోవడం. కంప్యూటర్ కాస్త మూలుగుతుంది, కానీ అతుకు పక్కాగా కుదురుతుంది.

చివరగా, పదిలో ఒక ముక్క మీద, మెత్తని బ్రష్‌తో ఒక మూల నుంచి పలచటి వెలుగు. అన్నిటికీ ఒకేలా వేయకండి. 547లో ప్రతిష్ఠ జరిగిన ఇటలీ నగరం రవెన్నాలోని శాన్ విటాలే చర్చి మొజాయిక్‌లలో బంగారు రేకు పొదిగిన గాజు ముక్కలున్నాయి. అలాంటి ముక్కలు ఒకే మట్టంలో కాకుండా తలో వాలులో ఉంటే, మనిషి కదిలే కొద్దీ ఒక్కో ముక్క వేరే క్షణంలో వెలుగుతుంది. తెర మీద బొమ్మ కదలదు కాబట్టి ఆ హెచ్చుతగ్గులు మనమే వేయాలి.

సేవ్ చేసేటప్పుడు పీఎన్‌జీ. జేపెగ్ అయితే సందు అంచుల్లో మురికి పట్టినట్టు మచ్చలొస్తాయి. లేయర్లున్న ఫైల్ ఎలాగూ విడిగా ఉంచుకుంటారు.

ఇప్పుడు బొమ్మ: ఒక చేప

పైనంతా కొలతల వ్యవహారం. ఆకారం ఉన్న బొమ్మ వేయాలంటే లెక్క వేరు. ఫోటో తెచ్చి మొజాయిక్ ఫిల్టర్ కొడితే అయిపోదా అంటారా? కొట్టి చూడండి, చేప కన్ను సరిగ్గా రెండు టైల్స్ మధ్య చీలిపోతుంది, ఎందుకంటే ఫిల్టర్‌కి కన్నూ ఒకటే నీళ్లూ ఒకటే. పేర్చే మనిషి ముక్కల వరసని ఆకారం వెంట నడిపిస్తాడు. ఆ నడకని మొజాయిక్ పనివాళ్లు ఇటాలియన్ మాటతో అందమెంటో అంటారు, బొమ్మకి ప్రాణం అక్కడే.

ముందు చదరపు బ్రష్ తయారు చేసుకోండి. స్పేసింగ్ 115 శాతం, అంటే 20 పిక్సెల్స్ టైల్ అయితే మధ్యలో 3 పిక్సెల్స్ సందు. రొటేషన్ గీత దిశని అనుసరించాలి, ఫోటోషాప్‌లో యాంగిల్ కంట్రోల్‌ని డైరెక్షన్ చేయాలి, క్రిటాలో డ్రాయింగ్ యాంగిల్ సెన్సార్. సైజ్‌లో పది శాతం లోపు తేడా, రంగులో కాస్త తేడా, అది గీత మొత్తానికి కాక ఒక్కో ముద్రకి మారేలా. ఓపాసిటీకి పెన్ ప్రెషర్ తీసేయండి. గీత మొదట్లో పడే ముద్రకి దిశ తెలియక అది తరచూ వంకరగా పడుతుంది, ఆ ఒక్కదాన్నీ చెరిపి సరిచేసుకోవాలి.

చేప పెన్సిల్ రూపం ఒక లేయర్‌లో ఉంచి, దాని అంచు వెంట ఒకే వరస టైల్స్ నడిపించండి. తర్వాత దాని లోపల్నుంచి ఇంకో వరస, దాన్ని అనుకునే ఇంకోటి. అంచుకి బయట నీళ్ల వైపు కూడా కనీసం ఒక వరస చేప చుట్టూ తిరగాలి, ఆ తర్వాతే నీళ్ల అడ్డ వరసలు మొదలవ్వాలి. ఆ ఒక్క వరస లేకపోతే చేప నీళ్లలోంచి కోసి అంటించినట్టుంటుంది. ఇలా సన్న ముక్కలు రూపం వెంట మెలికలు తిరిగే పనిని ఓపస్ వర్మిక్యులాటం అంటారు, లాటిన్‌లో వర్మిక్యులస్ అంటే చిన్న పురుగు, పురుగు పాకినట్టు అన్నమాట.

తోక దగ్గర, నోటి దగ్గర చిక్కొస్తుంది. వంపు బిగుసుకునే కొద్దీ టైల్స్ బయటి వైపు విసనకర్రలా విచ్చుకుంటాయి, లోపలి మూలలు ఒకదానికొకటి తగులుతాయి. 20 పిక్సెల్స్ టైల్, 3 పిక్సెల్స్ సందు అయితే వంపు వ్యాసార్ధం 80 దాకా బాగానే ఉంటుంది, అంటే టైల్‌కి నాలుగు రెట్లు. అంతకన్నా బిగువైతే టైల్ సైజు తగ్గించండి, లేదా సన్న ఎరేజర్‌తో ముక్క లోపలి అంచుని రెండు పక్కలా చెక్కండి. నిజం మొజాయిక్‌లోనూ అక్కడ చతురస్రం వాడరు, ముక్కని ఒకవైపు సన్నగా కొట్టి పెడతారు. రెండు వరసలు కలిసే చోట మిగిలే మూలల్లో త్రిభుజం ముక్కలు చేత్తో గీసి పెట్టేయండి.

రంగుకి ఒకే నియమం: ఒక టైల్‌కి ఒకే రంగు. చేప పెయింటింగ్‌ని తెచ్చి టైల్స్ మీద మాత్రమే కనిపించేలా క్లిప్ చేసేయాలనిపిస్తుంది, కానీ అలా చేస్తే ఒక్కో టైల్ లోపలే నీలం నుంచి తెలుపుకి రంగు జారుతుంది, వెంటనే అది కిటికీ జల్లెడ వెనకాల ఉన్న ఫోటో అయిపోతుంది. పెయింటింగ్‌ని పక్కన పెట్టుకుని, అక్కడి నుంచి ఐడ్రాపర్‌తో రంగు తీసి, ఆల్ఫా లాక్ మీద టైల్ టైల్‌కి పోయండి. 1200 పొడవు, 500 వెడల్పు చేపకి సుమారు 900 టైల్స్ వస్తాయి. అన్నిటికీ ఒక్కొక్కటిగా అక్కర్లేదు. వీపు, పొట్ట, రెక్కలు అని భాగాలుగా లాసో వేసి ముందు నింపేసి, వీపు నుంచి పొట్టకి రంగు మారే నాలుగైదు వరసల్లో మాత్రం ఒక్కోటీ చూసి వేయండి. ఆ మార్పు చోట ముదురు, లేత ముక్కల్ని కొంచెం కలగాపులగంగా పెడితే దూరం నుంచి రంగు తనే కరిగిపోతుంది.

కన్ను ఆఖరున పెట్టండి. అక్కడున్న టైల్స్ చెరిపేసి, ఒక నల్ల గుండ్రటి ముక్క, దాని చుట్టూ సగం సైజు టైల్స్ ఒక వలయం. ఆ వలయంలో వెలుగు వచ్చే వైపు ఉన్న ఒకే ఒక్క ముక్కని దాదాపు తెల్లగా చేయండి, రెండో దాన్ని ముట్టుకోకండి.